మా ఊరి చదును నేల

ఫుట్‌బాల్‌లో ఆస్ట్రియాని మావాళ్లు ఓడించిన సాయంత్రం నేను ఆవు కింద కూర్చుని పాలు పితుకుతున్నాను. రేడియోని కొట్టంలోకి తెచ్చి గుంజకి తగిలించుకున్నాను. ఊరు ఊరంతా డాన్యల్ బాబాయ్ ఇంట్లో చేరింది. నన్నూ రమ్మన్నారు, రమ్మనలేదని ఎందుకనాలి? కానీ వేళ దాటితే మా ఆవు గ్రోనా కాలు విసురుతుంది. పైగా పదిమంది మధ్య కూర్చుని ఊపిరి బిగబట్టడం నాకు చేతకాదు.

సొంత గడ్డ మీద మ్యాచ్ అని పేరే గానీ ఆడింది స్వీడన్‌లో. అప్పట్లో మా ఫారో దీవుల్లో పచ్చిక మైదానం ఒక్కటి లేదు. ఉన్నవన్నీ గులకరాళ్ల నేలలే, పడితే మోకాలి చిప్ప లేచిపోయేది. పెద్ద పోటీలకి పచ్చిక ఉండి తీరాలన్నారు. దాంతో ఇంటి మ్యాచ్ పరాయి దేశంలో పెట్టుకోవాల్సి వచ్చింది. అటువాళ్లు ఆ వేసవే ఇటలీలో ప్రపంచ కప్పు ఆడి వచ్చినవాళ్లు. మావాళ్లేమో పగలంతా ఏదో ఒక పని చేసుకుని సాయంత్రాలు బంతి తన్నేవాళ్లు. "పది గోల్సు తిని వస్తారు, పదకొండోది దారిలో తినడానికి మూట కట్టిస్తారు" అని పక్కింటి ఒలువా పిన్ని పొద్దున్నే పాలకి వచ్చి నవ్వి పోయింది.

ఆ జట్టులో మా తమ్ముడు హానుస్ ఉన్నాడు. ఉన్నాడంటే, బల్ల మీద ఉన్నాడు. ఎవరికైనా కాలు బెణికితే దింపడానికి పక్కన కూర్చోబెట్టుకుంటారే, అలాంటివాళ్లలో ఒకడు. మామూలు రోజుల్లో చేపల ఫ్యాక్టరీలో కోత బల్ల దగ్గర పని.

రెండో సగంలో రేడియోలో మనిషి ఒక్క కేక పెట్టాడు. గోల్ వాళ్లదో మనదో ముందు అర్థం కాలేదు. అంతలో డాన్యల్ బాబాయ్ ఇంట్లోంచి ఊరంతా అరిచింది, కిటికీలు పగిలాయేమో అనుకున్నాను. ఎవరినైనా గట్టిగా వాటేసుకోవాలనిపించింది. దగ్గర్లో గ్రోనా తప్ప ఎవరున్నారు నా మొహానికి? దాని మెడే వాటేసుకున్నాను. అది విసుక్కుని తల విదిలించింది. మ్యాచ్ అయిపోయేదాకా హానుస్ పేరు చెబుతారేమోనని చెవి రేడియోకి ఆనించి కూర్చున్నాను. చెప్పలేదు.

అంతకుముందు చలికాలమే నాన్న పోయాడు. పడవా, పడవ కొట్టమూ హానుస్‌కి వచ్చాయి. ఇల్లూ, ఇంటి కింద చేనూ నాకు రాసి పోయాడు, చివరిదాకా మంచం దగ్గర ఉన్నది నేనే కాబట్టి. పెళ్లయ్యాక హానుస్ రేవు వైపు ఇల్లు కట్టుకున్నాడు. గడ్డి కోతకి ఒకసారి, గొర్రెలు కోసే రోజుల్లో ఒకసారి వచ్చేవాడు. పని ఉంటేనే వచ్చేవాడు. వచ్చినా గడియారం వంకే చూసేవాడు.

మా ఊరు కొండకి వేలాడుతూ ఉంటుంది. బంగాళాదుంప చేతిలోంచి జారితే సముద్రంలోనే వెతుక్కోవాలి. అలాంటి ఊళ్లో మా చేను ఒక్కటే చదును. మా ముత్తాతల కాలం నుంచి రాళ్లేరి, కాలవలు తీసి, సముద్రపు నాచు మోసి వేసి చేసిన నేల. ఊళ్లో అందరూ దాన్ని పెద్ద చేను అంటారు. దాని గడ్డి తిని గ్రోనా పాలిచ్చేది. ఊళ్లో మిగిలిన ఆఖరి ఆవు అదే. ఆ పాలు తాగి పెరగని పిల్లాడు ఊళ్లో లేడు, హానుస్ కూడా దాని అమ్మమ్మ పాలు తాగి పెరిగినవాడే.

*

జట్టు తిరిగొచ్చిన రోజు రాజధానిలో జనం విరగబడ్డారని రేడియోలో చెప్పారు. మర్నాడు సాయంత్రం హానుస్ పడవ దిగాడు. రేవులో జెండాలు పట్టుకుని ముసలీ ముతకా అందరూ నిలబడ్డాం. వాడు మెట్లెక్కి వస్తుంటే చప్పట్లు, కేకలు. "ఆస్ట్రియాని మట్టి కరిపించావు కదరా!" అని డాన్యల్ బాబాయ్ వాడి వీపు మీద ఒక్కటి చరిచాడు. డాన్యల్ బాబాయ్ ఊరి ఆటల సంఘానికి పెద్ద, ఫ్యాక్టరీలో మేస్త్రీ. హానుస్ నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. చిన్నప్పుడు దొంగతనంగా మీగడ తిని నవ్వేవాడే, అదే నవ్వు.

అందరం నాట్యశాలకి వెళ్లాం. మా నాట్యానికి వాయిద్యాలు ఉండవు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని గొలుసులా గది చుట్టూ తిరుగుతూ, పాత కథల పాటలు పాడుతూ చెక్కనేల మీద పాదం మోపుతూ పోవడమే. గొలుసులో ఎక్కడైనా దూరవచ్చు. నేను గోడవారనే నిలబడి ఉన్నాను. హానుస్ నా ముందుకి వచ్చినప్పుడు పక్కవాడి చెయ్యి వదిలి నా చెయ్యి అందుకున్నాడు.

"రావే అక్కా, స్తంభంలా నిలబడ్డావేం?" అన్నాడు.

వాడు నా చెయ్యి పట్టుకుని ఎన్నేళ్లయిందో. నాన్న పోయిన రోజు కూడా పట్టుకోలేదు. చేపల ఉప్పుకి వాడి అరిచెయ్యి బెరడులా తయారైంది. నేను పాట మరిచిపోయాను. అడుగులు మాత్రం వేస్తున్నాను.

పాట ముగిసింది. గొలుసు ఆగలేదు. పాటకీ పాటకీ మధ్య అడుగులు నడుస్తూనే ఉంటాయి. మా ఊళ్లో పెద్ద మాటలన్నీ అప్పుడే చెబుతారు. పెళ్లి కుదిరిందన్నా, పడవ అమ్ముతున్నానన్నా అప్పుడే. ఒప్పుకోనివాడు చెయ్యి విడిపించుకుని గోడవారకి పోతాడు. గొలుసులో ఉన్నాడంటే ఒప్పుకున్నట్టు. సంతకాలూ సాక్షులూ ఉండవు.

"హానుస్ మాట్లాడాలి! ఆస్ట్రియా సంగతి చెప్పాలి!" అని అరిచారు.

వాడి చెయ్యి నా చేతిలో చెమట పట్టింది. గొంతు సవరించుకుని, "చెప్పేదేముంది? ఇంటి మ్యాచ్ ఇంక స్వీడన్‌లో ఆడే ఖర్మ మనకెందుకు? మనకి పెద్ద చేను ఉంది. అక్కడ పచ్చిక వేద్దాం. డెన్మార్క్‌ని మన ఊరికే రప్పిద్దాం!" అన్నాడు.

గది దద్దరిల్లింది. అందరూ నావైపు చూశారు. నేను చెయ్యి విడిపించుకోవాలి. విడిపించుకోవాలని తెలుసు. వాడు ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. నేను వదల్లేదు. ఎవరో కొత్త పాట ఎత్తుకున్నారు, దాంతో పాటు తిరిగాను.

*

పొద్దున్నే డాన్యల్ బాబాయ్, ఇంకో ఇద్దరు మేకులూ సుత్తీ పట్టుకుని నా చేలో తిరుగుతున్నారు. చేతిలో బకెట్టుతోనే వెళ్లాను.

"ఏంటి బాబాయ్ ఇది?"

"గోల్ ఎటువైపు పెడితే గాలి తక్కువో చూస్తున్నామమ్మా."

"చేను ఇస్తానని నేనెప్పుడన్నాను?"

బాబాయ్ టోపీ వెనక్కి తోసి నన్ను ఎగాదిగా చూశాడు. "నువ్వు చెయ్యి వదల్లేదు కదమ్మాయ్! ఊరంతా చూసింది."

"వదల్లేదు. అంతమాత్రాన ఇచ్చేసినట్టేనా? నా ఆవు ఏం తింటుంది, మీ గోల్ పోస్టులా?"

"ఒక్క ఆవు కోసం దేశం ఆగుతుందా మాలన్?"

"దేశానికి ఈ దీవుల్లో ఇంకెక్కడా చోటు దొరకలేదా, నా ఆవు నోటి దగ్గరే దొరికిందా?" అని బకెట్టు కింద పెట్టి నిలబడ్డాను. వాళ్లు మేకులు ఏరుకుని వెళ్లిపోయారు. సుత్తి మాత్రం మరిచిపోయి పోయారు, దాన్ని గోడ మీద పెట్టాను.

తిట్టి ఉంటే బాగుండేది. మా ఊళ్లో తిట్టరు. రావడం మానేస్తారు. మా దగ్గర తలుపు తట్టే అలవాటు లేదు. ఎవరింటికైనా నేరుగా వంటింట్లోకి నడిచి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంటారు, కాఫీ పొయ్యి మీద ఎప్పుడూ ఉంటుంది. అలాంటిది ఆ మర్నాటి నుంచి నా వంటింటి తలుపు నేను తియ్యడమే గానీ ఇంకెవరూ తియ్యలేదు. నా గడప మీద పాల క్యాన్లు పెట్టడం మానేశారు. పడవ మీద వచ్చే అట్టపెట్టె పాలు కొట్లో కొనుక్కున్నారు. ఒలువా పిన్ని కూడా. దారిలో కనిపిస్తే, "మోకాళ్లు నొప్పులే, మీ మెట్లు ఎక్కలేకపోతున్నాను" అంది. కొట్టు మెట్లు మా ఇంటి మెట్లకి రెండింతలు.

పాలు మిగిలిపోయాయి. వెన్న తీశాను. వెన్న ఎవరు తింటారు? పిల్లికి పెట్టాను, అదీ మొహం తిప్పుకుంది. కాఫీ మాత్రం రోజూ పెద్ద కెటిల్ నిండా కాచేదాన్ని. ఎవరైనా వస్తే చాలదని చెప్పుకోకూడదు కదా. సాయంత్రానికి అది తారులా అయ్యేది, పారబోసేదాన్ని. గ్రోనాతో మాట్లాడటం మొదలుపెట్టాను. అంతకుముందు కూడా మాట్లాడేదాన్నే, కానీ జవాబు కోసం ఆగేదాన్ని కాదు.

హానుస్ రాలేదు. మరదలు ఎల్స్‌బాని కొట్లో చూశాను. "ఆయన తల ఎత్తుకోలేకపోతున్నారు వదినా. అందరి ముందూ మాట ఇప్పించుకుని..." అంది. "ఎవరు ఇచ్చారు, ఎవరు ఇప్పించుకున్నారు?" అన్నాను. ఆమె అట్టపెట్టె పాలు తీసుకుని వెళ్లిపోయింది.

*

అక్టోబరులో కొండ మీద గొర్రెలన్నీ దొడ్డికి తోలారు. నా వాటా గొర్రెలకి తాడు కట్టి ఇంటి దగ్గర వదిలి వెళ్లారు, పలకరింపు లేదు. ఇంక వాటిని కోసే మనిషి కావాలి. ప్రతి ఏడూ ఆ పని హానుస్‌దే. ఈసారి రాడని నిశ్చయించుకుని, పక్క ఊరి మనిషికి కబురు చేద్దామని కోటు తొడుక్కుంటున్నాను.

తలుపు తట్టిన చప్పుడైంది.

తలుపు తట్టేది పోలీసు, లేదా పడవ తిరిగిరాలేదని చెప్పడానికి వచ్చే పాస్టరు. తీసి చూస్తే హానుస్. తను పుట్టిన ఇంటి తలుపు తట్టి, కత్తి చంకలో పెట్టుకుని, బయట వానలో నిలబడ్డాడు.

"గొర్రెలు కొయ్యాలేమోనని వచ్చాను" అన్నాడు.

"రా" అన్నాను. పోరా అందామనుకున్నాను. వాడు నా మాట కోసం ఆగి నిలబడటం చూడలేకపోయాను.

పని చేసినంతసేపూ మాట లేదు. వాడు కోశాడు, నేను పేగులు కడిగాను. మాంసాన్ని, గాలి ఆడేలా చెక్కల మధ్య సందులు వదిలి కట్టిన కొట్టంలో ఆరడానికి వేలాడదీశాం. చివరి తొడ కట్టేటప్పుడు వాడే మొదలుపెట్టాడు.

"అక్కా, నన్ను దింపలేదు తెలుసా."

"రేడియోలో విన్నాను."

"దింపకపోవడం కాదు. లేచి గీత పక్కన పరిగెత్తి ఒళ్లు వేడి చేసుకోమని కూడా అనలేదు. జాకెట్టు జిప్పు మెడ దాకా వేసుకుని కూర్చున్నాను, అది విప్పే పని పడలేదు. ఇక్కడేమో, పెద్దవాళ్లు, ఫ్యాక్టరీలో ఆడవాళ్లు, అందరూ ఆస్ట్రియాని ఓడించావురా అంటున్నారు. కాదని ఎంతమందికి చెప్పను? ముందు ఒకరిద్దరికి చెప్పాను. వినయం అనుకున్నారు."

నేను తాడు ముడి వేస్తున్నాను.

"వయసు అయిపోతోంది. మన ఊళ్లో మ్యాచ్ అయితే, ఆఖరి ఐదు నిమిషాలైనా దింపుతారు. ఊరివాడు కదా, మొహమాటానికైనా దింపుతారు. ఒక్కసారి. నాన్న చేలో."

చూస్తే వాడి కళ్లు ఎర్రబడ్డాయి. చేతులు నెత్తుటివి, తుడుచుకోలేడు. నేను నా ఏప్రన్ అంచుతో తుడిచాను.

"తీసుకో" అన్నాను.

"ఏంటి?"

"చేను. తీసుకోమంటున్నాను. ఆ కత్తి కడిగి లోపలికి రా, కాఫీ ఉంది."

*

మర్నాడు ఒలువా పిన్నికి మోకాళ్లు బాగైపోయాయి. తలుపు తోసుకుని వచ్చి కుర్చీ లాక్కుని, "నువ్వు మీ అమ్మ కూతురివే" అంది. డాన్యల్ బాబాయ్ సుత్తి కోసం వచ్చి మూడు కప్పులు తాగాడు. వంటిల్లు నిండిపోయింది. అందరూ ఒక్కసారే మాట్లాడుతున్నారు. నాకు ఎంత సంతోషం వేసిందంటే, కప్పులు చాలక నేను కెటిల్ మూతలో పోసుకుని తాగాను.

హానుస్ డెన్మార్క్‌లో జరిగే తర్వాతి మ్యాచ్‌కి వెళ్లాడు. వాడు ఊళ్లో లేని ఆ వారంలోనే గ్రోనాని కోయించేశాను, పక్క ఊరి మనిషిని పిలిచి. "మేత అటక నిండా ఉంది కదే, వసంతం దాకా ఉంచు" అంది ఒలువా పిన్ని. ఉంచితే నా మనసు మారుతుంది. నా సంగతి నాకు తెలుసు. ఇచ్చిన మాట మళ్లీ వెనక్కి లాక్కుంటే ఆ తలుపు ఇంకెవరూ తోయరు. ఆ పూట నేను సముద్రం వైపు పోయి నిలబడ్డాను. తిరిగొచ్చేసరికి కొట్టం కడిగేసి ఉంది. ఏడ్చాను. ఎందుకు ఏడవను? పద్నాలుగేళ్లు దాని పక్కన కూర్చున్నదాన్ని.

డెన్మార్క్‌లో మావాళ్లు నాలుగు గోల్సు తిన్నారు, ఒకటి కొట్టారు. హానుస్ మళ్లీ బల్ల మీదే. ఊళ్లో ఎవరికీ అది పట్టలేదు. అందరి ధ్యాసా రాజధాని నుంచి వచ్చే కొలతల మనిషి మీదే.

ఆయన వచ్చిన రోజు ఎండ కాసింది. ఆడవాళ్లు కేకులు చేశారు. ఊరంతా చేను గట్టు మీద నిలబడ్డాం. ఆయన బూట్లు మార్చుకుని, టేపు చివర డాన్యల్ బాబాయ్ చేతికిచ్చి నడిచాడు. ఒక గోడ నుంచి సముద్రం రాళ్ల దాకా. టేపు చూసుకున్నాడు. వెనక్కి వచ్చి మళ్లీ నడిచాడు.

"ఇది సరిపోతుందని ఎవరు చెప్పారు?" అన్నాడు.

"చెప్పేదేముందండీ, కనిపిస్తూనే ఉంది కదా!" అన్నాడు డాన్యల్ బాబాయ్. "మా ఊళ్లో ఇంతకంటే పెద్ద నేల లేదు."

"లేదనే నేనూ అంటున్నాను. ఒక గోల్ ఆ రాళ్ల మీద పెట్టాలి, రెండోది అదిగో ఆ ఇంటి వంటింట్లో పెట్టాలి."

ఆ ఇల్లు డాన్యల్ బాబాయ్‌దే. చదును నేల అంటే మేమందరం పుట్టినప్పటి నుంచి చూసింది ఆ ఒక్కటే. దాని పేరే పెద్ద చేను. పెద్దది కాదేమోనని కొలిచే బుద్ధి ఎవరికి పుడుతుంది? ముందుగా ఒలువా పిన్ని నవ్వింది. తర్వాత డాన్యల్ బాబాయ్, "మా ఆవిడ గోల్‌కీపరు, ఒక్కటి పోనివ్వదు" అన్నాడు. ఇంక అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. కొలతల మనిషి కేకు తిని, బాగుందని చెప్పి, పడవెక్కాడు.

నేను కొట్టంలోకి వెళ్లాను. వెనకే హానుస్ వచ్చాడు. గుమ్మంలో ఆగిపోయాడు.

"ఆవేది?"

నేను ఖాళీ గుంజ వంక చూశాను.

"అక్కా, ఆవేది?"

"చేను లేకుండా ఆవు ఏం తింటుందిరా, నా తలకాయా?"

వాడు గోడకి జారబడి, పాలు పితికే పీట మీద కూలబడ్డాడు. నవ్వులు బయట ఇంకా వినిపిస్తున్నాయి.

"నువ్వు స్వీడన్‌లో ఆ మైదానం చూశావు కదా. అది ఎంత ఉంటుందో నీకు తెలియలేదా?" అన్నాను. ఊరికే అడిగాను. తెలియలేదు అంటాడనే అడిగాను.

"తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"మ్యాచ్‌కి ముందు రోజు ఆ పచ్చిక మీద ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాను. మన చేను సరిపోదని అప్పుడే తెలుసు." తల ఎత్తలేదు. "ఆ రోజు నాట్యంలో అందరూ నన్నే చూస్తున్నారు, ఏదైనా చెప్పమంటున్నారు. చెప్పడానికి నా దగ్గర ఏముంది? నోటికి అదొక్కటే వచ్చింది. మర్నాడు నువ్వు కాదన్నావని వింటే ప్రాణం లేచొచ్చింది, ఇంక దీని సంగతి ఎత్తరని. తర్వాత... రోజూ అందరూ అదే మాట. నేనే నమ్మేశాను. ఆ గొర్రెల రోజు నిజంగానే నమ్మాను అక్కా."

వాణ్ని కొడదామనుకున్నాను. చెయ్యి లేచింది కూడా. వాడు కొట్టించుకోవడానికి సిద్ధంగా మొహం పైకెత్తాడు. చిన్నప్పుడు అలాగే ఎత్తేవాడు. నా వల్ల కాలేదు. బయటికి వచ్చి, వంటింట్లో చేరినవాళ్లకి కాఫీ పోశాను.

ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. పచ్చిక మైదానం ఇంకో దీవిలో కొండ పేల్చి కట్టారు, మంచి మైదానమే. హానుస్ అందులో ఎప్పుడూ దిగలేదు. ఊళ్లో పెద్ద చేను మాట వస్తే ఇప్పటికీ నవ్వుతారు, వాళ్లతో నేనూ నవ్వుతాను, వాడు మాత్రం కిటికీ వైపు చూస్తాడు.

అప్పటి నుంచి హానుస్ రోజూ వస్తాడు. ఫ్యాక్టరీకి పోయే ముందు తలుపు తోసుకుని వచ్చి, కాసేపు కూర్చుని, నీళ్లు తోడిపెట్టి, కట్టెలు కొట్టిపెట్టి పోతాడు. గడియారం వంక చూడడు. ప్రతి వసంతంలోనూ ఒక మాట అడుగుతాడు. "అక్కా, ఉత్తరం దీవిలో మంచి పెయ్య ఉందట. తోలుకు రానా?"

"వద్దురా, నడుం నొప్పి. ఎవరు పితుకుతారు?" అంటాను.

నా నడుముకి ఏ నొప్పీ లేదు. చేను నిండా గడ్డి ఉంది, కోసి పక్కింటి గొర్రెలకి వేస్తున్నాను. పాలంటే నాకు ప్రాణం. కానీ కొట్టం ఖాళీగా ఉన్నన్నాళ్లూ వాడు వస్తాడు. పెయ్య వచ్చాక ఎందుకు వస్తాడు?